అక్క కోసం ఎత్తు పెంచిన బండి

బండి ఎత్తు పెంచడం దాకా సంగతి ఎట్లా పోయిందో విజయరంగన్‌కు ఇప్పటికీ తేలలేదు. ఆ మాట ఆయన నోట మాత్రం రాలేదు. ఆయన అన్నదల్లా ఒక్కటే: ఈసారి కూడా అక్కను బాహూరు పొలం దాకా తీసుకుపోవాలి, బాటంతా బురదగా ఉంది, ఏం చేద్దామప్పా అని. ఆ మాట అన్నది ఒక ఆదివారం భోజనాల దగ్గర, అల్లుడు వింటూ ఉండగా. ఆ క్షణం నుంచి ఆయన బండి ఆయనది కాకుండా పోయింది.

అది ఏడుగురు కూర్చునే తెల్ల బండి. భార్య వసంతమ్మ ఉన్న కాలంలో, అక్క ఇంటివాళ్ళతో కలిసి గుళ్ళూ గోపురాలూ తిరగడానికి కొన్నది. వసంతమ్మ పోయి మూడేళ్ళు దాటినా ఆయన దాన్ని అమ్మలేదు. లాస్‌పేటలో ఒంటరిగా ఉండే రిటైరైన వృక్షశాస్త్రం మాస్టారుకు ఏడు సీట్లెందుకని ఎవరైనా అడిగితే, "వారానికోసారి కడుక్కోవడానికి" అని చెప్పేవాడు. నిజానికి కడిగేటప్పుడు ఆయనకు కాస్త బాగుండేది. సబ్బునురగ మీద ఎండ పడి రంగులు తేలడం, పక్కింటి పిచ్చుకలు ఆ నీళ్ళలో మునిగి లేవడం, ఇవన్నీ ఉచితంగా దొరికేవి.

అక్క మంగళం కథ వేరు. ఆ వంశం తెలుగునేల వదిలి పుదుచ్చేరి వైపు వచ్చి ఎన్ని తరాలైందో లెక్క తెలిసినవాళ్ళు లేరు. ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే తమిళం. మిగతా ఆచారాలన్నీ ఒక్కొక్కటే జారిపోయినా ఒకటి మాత్రం నిలిచింది. నాట్లు వేసేరోజు మొదటి నారుముడి ఇంటి పెద్దాడబిడ్డ చేతిమీదుగానే పడాలి. కోడళ్ళు కాదు, మగవాళ్ళు అసలే కాదు. ఆ ఇంట పుట్టిన ఆడవాళ్ళలో పెద్దది మడి ఈశాన్యమూలన దిగి, నాలుగు మొలకలు గుచ్చి, నడుం మీద చెయ్యేసుకుని లేచి "ఊఁ, కానీండి" అన్నాకనే గట్టుమీద కూర్చున్న నాటు ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుంటారు. మంగళానికి మొదటిసారి ఆ ముడి చేతికిచ్చినప్పుడు ఆమెకింకా పెళ్ళి కాలేదు. అప్పటినుంచి ఒక్క పంటకూ తప్పలేదు. కొడుకు కడుపులో ఉన్నప్పుడు కూడా దిగింది.

మొన్న వేసవిలో ఆమె స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు చేతికర్రతో ఇంట్లో తిరుగుతుంది, వంగుతుంది, లేస్తుంది, అందరినీ తిడుతుంది. కాలు మాత్రం ఒక మెట్టంత లేస్తుంది, అంతకుమించి లేవదు.

పొలానికి పోయే బాట ఒకప్పుడు గట్టి ఎడ్లబండ్ల బాట. కోతయంత్రాలు వచ్చినాక దాని ఒళ్ళంతా గుంటలు. వాన పడితే ఆ గుంటలన్నీ కలిసి ఒకటే రొచ్చు. తారురోడ్డు దగ్గర దిగి నడవడం అక్కకు ఈ జన్మలో కుదరదు.

"కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతాం అక్కా, నలుగురం ఉండాం గదా" అన్నాడు విజయరంగన్.

"నలుగురు మోసే రోజు దానంతటదే వస్తుందిలేరా. దానికేం తొందర?"

"పోనీ ట్రాక్టరు ఎక్కుతావా?"

"ఎరువుమూటనా నేను?"

ఆయన అప్పుడు అనకూడని మాట అన్నాడు. "అట్లయితే ఈ ఒక్కసారికి అభినయ చేత్తో..."

అభినయ ఆయన కూతురు. తర్వాతి తరంలో ఆ ఇంట పుట్టిన పెద్దాడబిడ్డ. ఇప్పుడు అక్కకు కోడలు కూడా. వంటింట్లోంచి ఆ పిల్ల "నేను దిగను నాయనా, అత్త ఉండగా నేనెందుకు దిగేది?" అని అక్కడినుంచే కేకేసింది. అక్క చేతికర్రను గోడకు ఆనించింది. అది జారి పడింది. తీసి మళ్ళీ ఆనించింది.

"సెరి. అభినయనే నాటమను. నేను పోయినట్టు లెక్క గట్టుకుంటా" అంది.

ఆ మాట తర్వాత విజయరంగన్‌కు వేరే దారి లేకపోయింది. అక్క పొలానికి పోవాలి. పోయి, తన చేత్తో నాటాలి. ఇంతే విషయం. ఇందులో బండికి ముక్కు పెట్టించే పని ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

"మామా, మన బండి ఉండాది గదా!" అన్నాడు హరిహరన్, కళ్ళు మెరిపిస్తూ.

హరిహరన్ అక్క ఒక్కగానొక్క కొడుకు. అంటే విజయరంగన్‌కు మేనల్లుడు. చిన్నప్పుడు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని సముద్రం చూపించినవాడు ఆయనే. తీరా వాడు అభినయను చేసుకుని అల్లుడయ్యాడు. మేనల్లుడిగా మిగిలి ఉంటే చెవి మెలిపెట్టేవాడు. అల్లుడయ్యేసరికి, చెవి కోసం లేచిన చెయ్యి ప్రతిసారీ మర్యాదగా కుర్చీ చూపించేది. పైగా వాణ్ణి ఒక మాట అంటే అక్క నొచ్చుకుంటుందేమో, కూతురు నొచ్చుకుంటుందేమో. పగలంతా ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే హరి, సాయంత్రాలు ఫోనులో ఎడారుల్లోనూ అడవుల్లోనూ బండ్లు తోలే వీడియోలు చూసేవాడు. ఇన్నాళ్ళూ వాడికి బురద దొరకలేదు. ఇప్పుడు సొంత అమ్మ పేరుతోనే దొరికింది.

మరుసటి వారం విలియనూరు రోడ్డులో లోకనాథన్ షెడ్డుకు పోయారు. లోకనాథన్ మంచివాడే. కానీ అడిగినదానికల్లా అవునంటాడు.

"నాకు కావాల్సింది ఒకటే లోకనాథా" అన్నాడు విజయరంగన్. "బురదలో పోవాల, రావాల."

"టైర్లు మారిస్తే చాలు సార్. లోతు గాళ్ళుండే టైర్లు. బాట దగ్గర గాలి కొంచెం తగ్గించుకుంటే సాఫీగా పోతుంది. ఒకటి మాత్రం గుర్తుండాల, ఇది నాలుగు చక్రాలూ తిరిగే బండి కాదు. వెనకవి రెండే తిరుగుతాయి."

విజయరంగన్‌కు లోపల చల్లగా అనిపించింది. ఈ లోకంలో ఇంకా సూటిగా మాట్లాడేవాళ్ళున్నారు. ఇంటికి పోయి కాఫీ తాగొచ్చు.

"పెద్ద టైర్లు లోపల తగలవా అన్నా?" అన్నాడు హరి.

"తగుల్తాయి."

"అయితే బండి ఎత్తాల గదా?"

"ఎత్తొచ్చు. స్ప్రింగుల కింద దిమ్మెలు పెడితే రెండంగుళాలు లేస్తుంది."

"లేస్తే కింద రాళ్ళు తగలకుండా ఇనపరేకు?"

"వెయ్యొచ్చు. రేకు వేస్తే బరువు. బరువుకు స్ప్రింగులు మారిస్తే మంచిది. స్ప్రింగులు మారిస్తే ఇంకొంచెం లేస్తుంది."

"ఇంజనులోకి నీళ్ళు పోకుండా పైనుంచి గాలి పీల్చే గొట్టం?"

"ఉండాది."

"హరీ" అన్నాడు విజయరంగన్ వీలైనంత మెత్తగా, "బాహూరులో బండి ముక్కు మునిగేంత నీళ్ళు యాడుండాయి?"

"ఉండవు మామా. వస్తే?"

ఈ ఇంట్లో అన్ని వాదాలూ ఈ "వస్తే" దగ్గర ముగుస్తాయి.

బండి ఒకసారి వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. మధ్యలో ప్రతి ఉదయం బాహూరు నుంచి వీరాసామి ఫోను. పొలం చూసేది అతనే. అతను తమిళంలో మాట్లాడితే ఈయన తెలుగూ తమిళమూ కలిపి జవాబు చెప్పేవాడు. "అయ్యా, నారు ముదురుతాంది. ఎప్పుడు వస్తారు?" విజయరంగన్ ముప్పై ఏళ్ళు పిల్లలకు ఇదే పాఠం చెప్పాడు. ముదిరిన నారు నాటితే వేరు పట్టడానికే సమయం పోతుంది, పిలకలు సరిగా రావు. తెలిసి కూడా "రెండు రోజుల్లో వీరాసామీ" అనాల్సి రావడం ఆయనకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది.

మొదటిసారి వచ్చినప్పుడు బండికి పెరిగిన ఎత్తూ, కొత్త టైర్లూ, ముందర పైన ఒక పొడవాటి దీపాల పట్టీ ఉన్నాయి. దీపాలు ఎవరు వెయ్యమన్నారని అడిగితే, "టైర్లతో పాటు తగ్గింపుకు వచ్చింది మామా" అన్నాడు హరి. ఆ బండిలోనే విజయరంగన్ వైట్ టౌన్‌కు పోయాడు. ప్రతి శనివారం అక్కడో చిన్న బేకరీలో పొడుగు బ్రెడ్డు కొనుక్కోవడం అలవాటు. వసంతమ్మకు దాని అంచు ముక్క ఇష్టం. ఆమె పోయాక ఆ అంచు ముక్క కూడా ఆయనే తింటున్నాడు. నున్నటి ఆ వీధుల్లో కొత్త టైర్లు తేనెతుట్టె కదిలినట్టు రొద పెట్టాయి. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒక అమ్మాయి ఫోటో కూడా తీసుకుంది. తెల్ల పంచె పట్టుకుని ఒక కాలు గాల్లో వెతుక్కుంటూ దిగుతున్న పెద్దమనిషిని చూసి మూలన నిలబడిన ఎర్రటోపీ కానిస్టేబుల్ ముందు సెల్యూట్ కొట్టాడు. దగ్గరికి వచ్చాక చేతిని దించేశాడు.

"సార్, ఎమ్మెల్యేనా?"

"బాటనీ మాస్టారును."

"అట్లయితే ఆ దీపాలు తీసెయ్యండి సార్. రూలు ఒప్పుకోదు." తర్వాత గొంతు తగ్గించి, "మాకూ బాటనీ ఉండేది సార్, పన్నెండులో. పువ్వు బొమ్మ ఒక్కటే బాగా వేసేవాణ్ణి" అన్నాడు. జరిమానా రాయలేదు. విజయరంగన్ అతనికి బ్రెడ్డులో సగం విరిచి ఇచ్చాడు. వద్దంటూనే తీసుకున్నాడు.

రెండోసారి వచ్చినప్పుడు దీపాలు పోయి గొట్టం వచ్చింది. బండి పక్కన నల్లగా, ముక్కులాగా, కప్పు దాకా. హరి దాన్ని నిమిరాడు. ఆ ఆదివారమే బండిని వీరాంపట్టినం ఇసుకలో పరీక్షిస్తానని తీసుకుపోయి, మధ్యాహ్నానికి ఫోటో పంపాడు. వెనక సముద్రం, ముందు బండి, దానికి ఆనుకుని వాడు. అక్క, అభినయ, బంధువులు అందరూ బొటనవేళ్ళు పంపించారు. సాయంత్రం అభినయ తండ్రికి వేరుగా ఫోన్ చేసి చెప్పింది. "ఆ ఫోటో ఇసుకలో దిగబడకముందు తీసింది నాయనా. తర్వాత పడవలు లాగేవాళ్ళు ఐలసా పాడి బయటికి లాగినారు. నేను చెప్పినట్టు చెప్పొద్దు."

"ఇసుకలో దిగే ముందే ఆ టైర్లలో గాలి తగ్గించుకోవచ్చు గదమ్మా, లోకనాథన్ మొదటే చెప్పినాడే."

"తగ్గించినాడు నాయనా. తర్వాత. పడవలోళ్ళు చెప్పినాక."

విజయరంగన్ ఫోను పెట్టేసి, బాల్కనీలో చాలాసేపు నిలబడ్డాడు. ఎయిర్‌పోర్టు వైపు నుంచి చిన్న విమానం ఒకటి లేచింది. దానికి బురద సంగతి తెలియదు.

చివరికి వీరాసామి, "అయ్యా, బుధవారం రాకపోతే నారు ఆవులకు వెయ్యాల్సిందే" అనేశాడు. బుధవారం అన్నాక బుధవారమే. తెల్లారి బండి ముత్యాలుపేటలో అక్క ఇంటి ముందు ఆగింది. సన్నటి పాత వీధి. రెండు వైపులా ఇళ్ళ ముందు ఎత్తైన తిన్నెలు. అక్క ముందే తయారై ఉంది. పాత నూలుచీర, కాళ్ళకు పసుపు, ముడిలో నాలుగు కనకాంబరాలు. చేతికర్ర తాటిస్తూ మెట్టు దిగి, వీధిలోకి వచ్చి, బండి తలుపు దగ్గర నిలబడింది.

హరి తలుపు తెరిచాడు.

అక్క తలుపును చూసింది. బండి లోపలి నేల ఆమె తొడల దాకా ఉంది. ఒక కాలు ఎత్తింది. అది ఎంత లేవాలో అంత లేచింది, మెట్టంత. ఆ పైన ఇంకా ఒక మూరకు పైనే ఉంది. కాలు దించింది. రెండో కాలు ఎత్తిచూసింది, అదైనా మాట వింటుందేమోనని.

నెల రోజులుగా బండి కింద ఎంత జాగా ఉంది, రాయి తగిలితే ఎట్లా, నీళ్ళొస్తే ఎట్లా అని వేళ్ళతోనూ టేపుతోనూ ఎన్నిసార్లు కొలిచారో లెక్కలేదు. విజయరంగన్ కూడా ఒకసారి బోర్లా పడుకుని కింద టార్చి వేసి చూశాడు. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నారో ఆ మనిషి కాలు ఎంత లేస్తుందో మాత్రం ఒక్కరూ చూడలేదు.

"పక్కన మెట్టుండేది గదరా" అన్నాడు విజయరంగన్. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "ఎక్కేటప్పుడు కాలు పెట్టుకునే మెట్టు. రెండు పక్కలా. యాడ?"

హరి గొట్టం వైపు చూశాడు. "తీసేయించినా మామా. గుంటల్లో దిగేటప్పుడు అది గట్టుకు తగుల్తుందని..."

"అది మీ అత్త ఉన్నప్పుడు వేయించింది."

"తెలుసు మామా."

"పొట్టిదాన్ని, ఎక్కలేనని అడిగి వేయించుకుంది. ఎక్కలేనివాళ్ళు ఎక్కడానికే గదరా అది! మీ అమ్మను బురదలో తీసుకుపోవడానికి మీ అమ్మే ఎక్కలేని బండి చేసినావే! ముక్కు పెట్టినావు, రేకు పెట్టినావు, దీపాలు పెట్టినావు, ఏనుగును ఎక్కించడానికా ఇది, మనిషిని ఎక్కించడానికా? నెల రోజులు! అక్కడ నారు ముదిరి గడ్డి అవుతాంది, ఇక్కడ నువ్వు వస్తే, వస్తే అని..."

ఆయన ఆగాడు. అల్లుడైనాక వాడిమీద గట్టిగా అరవడం ఇదే మొదటిసారి. హరి తల వంచుకున్నాడు. ఎదురింటి తిన్నె మీద పేపరు చదువుతున్న పురుషోత్తమన్ పేపరు కిందికి దించాడు.

"ఏం మంగళమ్మా, ఇంటి ముందరికే విమానం తెప్పించుకున్నావు?"

"ఆమాం, మీరూ వస్తారా? రెక్కల మీద జాగా ఉంది" అంది అక్క. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "వీధిలో అరవొద్దురా రంగా. వాణ్ణి ఇంట్లో తిట్టుకుందువు, నేనూ ఒక చెయ్యి వేస్తా. హరీ, బండిని తిన్నెకు ఆనించు."

అది ఎవరికీ తట్టలేదు. హరి బండిని ముందుకూ వెనక్కూ జరిపి, మురుగుకాలువ బండ మీదికి రెండు చక్రాలు ఎక్కించి, తిన్నెకు పక్కగా ఆనించాడు. అక్క ఇంటి మెట్లు ఎక్కి, తిన్నె మీదికి నడిచి, అక్కడినుంచి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయినంత సులువుగా ముందుసీట్లోకి జరిగి కూర్చుంది. పురుషోత్తమన్ చప్పట్లు కొట్టాడు.

అరియాంకుప్పం వంతెన దాటాక, వెనకసీట్లో అభినయ పక్కన కూర్చున్న విజయరంగన్‌కు ఇంకో సంగతి తోచింది. "అక్క ఎట్లా దిగుతుంది?"

"చూసుకుందాం మామా" అన్నాడు హరి.

ఈ నెలలో ఆయన్ను "వస్తే" కంటే కూడా ఎక్కువ అరగదీసిన మాట అదే.

బాట మొదట్లో ఆగి, హరి టైర్లలో గాలి తగ్గించాడు. ఈసారి ఎవరూ చెప్పకముందే. తర్వాత బండి బురదలోకి దిగింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోక తప్పదు. బండి పోయింది. గుంటలో ఒరిగి, లేచి, మళ్ళీ ఒరిగి, ఎక్కడా ఆగకుండా ఓపికగా పోయింది. పోయినేడు ఇదే బాటలో పక్కూరి కారు ఒకటి అరమైలు కూడా పోలేక వెనక్కి తిరిగింది. బురద అద్దాల మీద పడుతుంటే అక్క చిన్నపిల్లలాగా మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె అంత గట్టిగా నవ్వడం విజయరంగన్ వినలేదు. వాడిమీద కోపం అట్లానే ఉంది. కానీ ఆ నవ్వు మాత్రం విడిగా తీసి దాచుకున్నాడు.

పొలం దగ్గర గట్టుమీద నాటు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. నారుముడులు నీళ్ళలో తేలుతున్నాయి. నిజమే, నారు కొంచెం ముదిరింది, కొనలు పసుపు తిరుగుతున్నాయి. ఇంకా చెయ్యి దాటలేదు. వీరాసామి తలపాగా విప్పి దండం పెట్టాడు.

"దిగండమ్మా."

అక్క తలుపు తెరిచి కిందికి చూసింది. తిన్నె లేదు. వీరాసామి పంపుషెడ్డులోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. దాని మీద చెయ్యి పెట్టి నొక్కి చూశాడు. నాలుగు కాళ్ళూ మెల్లగా బురదలోకి దిగిపోయాయి, కుర్చీకి కూడా నాటుకోవాలని ఉన్నట్టు. రెండు ఇటుకలు వేస్తే అవి కనబడకుండా పోయాయి. ఎత్తి దించుతామని ఇద్దరు ఆడవాళ్ళు ముందుకొచ్చారు. "తుంటి దగ్గర పట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది" అని అభినయ అడ్డం పడింది.

"మామా, ఒకటి చేస్తాం" అన్నాడు హరి. "ఈశాన్యమూల గట్టు ఎత్తుగా ఉండాది చూడు. ఈ మడి అంచున పోయి, తలుపు ఆ గట్టుకు ఆనిస్తే తిన్నె మాదిరే దిగొచ్చు."

"అది దమ్ము చేసిన మడిరా!"

"అంచు గట్టిగానే ఉంది మామా. పది అడుగులు."

"వద్దు."

"ఇంతదూరం వచ్చింది గదా బండి..."

"హరీ, వద్దంటే వద్దు. లోకనాథన్ చెప్పినాడు, వెనక చక్రాలు రెండే..."

"పోనీరా రంగా" అంది అక్క పైనుంచి. "ఇక్కడ ఊరికే కూర్చుంటే నాకేం వస్తుంది?"

బండి మడిలోకి దిగింది. మొదటి నాలుగైదు అడుగులు హరి చెప్పినట్టే గట్టిగా ఉన్నాయి. తర్వాత వెనక చక్రాలు తిరిగాయి, బండి కదల్లేదు. హరి ఇంకొంచెం తొక్కాడు. చక్రాలు ఇంకొంచెం తిరిగాయి. గట్టుమీద ఆడవాళ్ళ మీదికి బురద ఎగిరింది. వాళ్ళు కేకలేస్తూ లేచి పరుగెత్తారు. "ఆపరా! ఆపు!" అని విజయరంగన్ అరుస్తూనే ఉన్నాడు. ప్రతి తొక్కుడుకూ బండి ఒక గుటక వేసినట్టు కిందికి దిగింది. చివరికి పొట్టకింద వేయించిన ఇనపరేకు బురదమీద ఆని, బండి నిట్టూర్చినట్టు ఒక పక్కకు వాలి నిలబడింది. అక్క వైపుకు.

ఇంజను ఆపేశాక కప్పల అరుపు కూడా వినిపించింది.

విజయరంగన్ తలుపు తోసుకుని, పంచె మోకాళ్ళ దాకా ముంచుకుంటూ దిగాడు. ఈసారి ఆయన దగ్గర మాటలు బోలెడున్నాయి. నెల రోజులవి. పొద్దున వీధిలో మిగిలిపోయినవి కూడా. బండి చుట్టూ తిరిగి ముందువైపుకు వస్తూ వాటిని వరసలో పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

అక్క తలుపు తెరిచి ఉంది. ఆమె పక్కకు తిరిగి, రెండు కాళ్ళూ బయటికి వేలాడదీసి, కిందికి చూస్తోంది. నెల రోజులు కష్టపడి పెంచిన ఎత్తునంతా బురద వెనక్కి తీసేసుకుంది. ఇంకా కొంచెం ఎక్కువే తీసుకుంది. బండి నేలకూ మడికీ మధ్య ఇప్పుడు ఉన్నది ఒక పీటంత. పసుపు పూసిన మడమలు నీళ్ళకు దాదాపు తగులుతున్నాయి.

"రంగా, నోరు మూసి చెయ్యియ్యి" అంది అక్క.

ఆయన నోరు మూసి చెయ్యిచ్చాడు. ఆమె ముందు ఒక కాలు పెట్టింది. చీలమండ దాకా దిగింది. ఆగింది. రెండో కాలు పెట్టింది. ఆ వేళ్ళు బురదను ఒకసారి గట్టిగా పట్టుకుని వదలడం విజయరంగన్‌కు నీళ్ళలోంచి కనిపించింది. అటువైపు అభినయ, ఇటువైపు ఆయన. మూల దాకా మెల్లగా నడిచారు. మధ్యలో ఒకసారి ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. అప్పుడెవరూ "వద్దులే అక్కా" అనలేదు, అదే నయం.

వీరాసామి నారుముడి అందించాడు. అక్క కర్రను కోడలి చేతికిచ్చి, నడుం దగ్గర వంగింది. మొలకలు విడదీసి బొటనవేలితో గుచ్చింది. ఒకటి, రెండు. మూడోది పక్కకు వాలితే మళ్ళీ పీకి సరిగ్గా పెట్టింది. ఆమె వీపు మీద విజయరంగన్ అరచెయ్యి ఉంది. కింద ఎముకలు వణుకుతున్నాయి. నాలుగోది పెట్టి, లేచి, నడుం మీద చెయ్యేసుకుంది.

"ఊఁ, కానీండి" అంది.

ఆడవాళ్ళు నాలుకలు ఆడించి కులవ పెట్టారు. చీరలు ఎగదోపుకుని మడిలో దిగారు. బండి చుట్టూ వదిలి మిగతా చోట నాటడం మొదలుపెట్టారు, అదొక బండరాయి అన్నట్టు.

వీరాసామి ట్రాక్టరు తెచ్చి గట్టుమీద ఆపాడు. మోకు తెచ్చి బండి వెనక కొక్కేనికి కట్టాడు. ఆ కొక్కెం కూడా హరి వేయించిందే. వాడు ఆ సంగతి గుర్తుచేద్దామని మామ మొహం చూసి, మానుకున్నాడు.

"లాగమంటారా?" అన్నాడు వీరాసామి.

"ఆగప్పా!" అక్క బురదలోంచి కర్ర ఎత్తింది. "ముందు నన్ను ఎక్కనీ, ఆమేన లాక్కో. అది లేచిందంటే మళ్ళీ నాకు అందదు."

నిజమే. అది కూడా ఎవరికీ తట్టలేదు. ఆమెను నడిపించుకొచ్చి సీటు అంచున కూర్చోబెట్టారు. అభినయ చెంబుతో నీళ్ళు పోసి కాళ్ళు కడిగింది. అక్క కాళ్ళు లోపలికి తీసుకుని, తలుపు వేసుకుని, కిటికీ అద్దం దించింది.

ట్రాక్టరు మూలిగింది. బండి ముందు కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా చప్పరింపు చప్పుడుతో ఊడి వచ్చింది. ఆ ఊపుకు వెనక నిలబడ్డ విజయరంగన్ మీద తల నుంచి పంచె దాకా బురద పడింది. హరి స్టీరింగు దగ్గరనుంచి మెడ బయటికి పెట్టాడు.

"వెనక రెండే తిరగడం వల్ల మామా ఇదంతా. అదే నాలుగూ తిరిగే బండి అయితే..."

విజయరంగన్ కళ్ళద్దాలు తీశాడు. తుడుచుకోవడానికి ఒంటిమీద పొడిగుడ్డ ముక్క లేదు. ఊరికే చేతిలో పట్టుకుని గట్టుమీద నిలబడ్డాడు. ఆ బండిలోకి ఇట్లా ఎక్కే ప్రశ్నే లేదు, నడిచే పోవాలి. బాట పొడవునా నడవాలి, వాడు చెప్పే నాలుగు చక్రాల కథ వినకుండా. అదొక సుఖం.

పైన కిటికీలోంచి అక్క తల బయటికి పెట్టింది. అంత ఎత్తునుంచి ఆమెకు మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తోంది. గట్టుమీద నిలబడి చూసిన ఏ ఏడాదీ అంత కనిపించి ఉండదు.

"ఏమ్మే, ఆ మూడో వరస వంకర పోతాంది చూడు! ఆమాం, నీదే! నాకు ఇక్కడినుంచి అంతా కనబడతాంది!"

మూడో వరసలో ఉన్న ఆడమనిషి బురద చేత్తో నుదురు తుడుచుకుని పైకి చూసి, ఏదో గొణిగి, మొలకలు పీకి సరిచేసింది.